తోలు కుట్టు యంత్రమునకు సర్వో మోటారు: ఎన్నుకొను విధము

(మన సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

 

నేటి ప్రసంగమునకు మేము ఎన్నుకొన్న విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. తోలు కుట్టు యంత్రపు బల్ల క్రింద బిగించు మోటారునుగూర్చి మాటలాడవలెనని వచ్చితిమి. కవిత్వమునుగూర్చియో, పూర్వ చరిత్రనుగూర్చియో వినగోరి వచ్చినవారికి ఇది కొంత నిరాశ కలిగింపవచ్చును. కాని సంచులు, నడుము పట్టీలు, చెప్పులు, బండ్ల సీటు కవర్లు కుట్టి జీవించు కుటుంబములు మనలో నున్నవి. పాత క్లచ్చి మోటారును తీసివేసి సర్వో మోటారును పెట్టుకొనవలెనా, పెట్టుకొన్నచో ఎట్టిదానిని కొనవలెను అను ప్రశ్న నేడు ఆ యిండ్లలో వినవచ్చుచున్నది. చాలమంది అప్పు చేసి కొనువారే. చీటీమీది అంకెలను నమ్మి కొన్న మోటారు పనికి రాకున్నచో, నష్టము ఆ మోటారు ధరతో తీరిపోదు. ముక్కకింత యని కూలి కట్టు పనిలో, చెడిన తోలు విలువ పెక్కుచోట్ల కుట్టినవారి కూలినుండియే తరుగును. కావున ఈ చిన్న విషయమునుగూర్చి నాలుగు మాటలు విపులముగ చెప్పుట అవసరమని తలంచినాము.

మొదట తోలునకును బట్టకును గల భేదమును గుర్తింపవలెను. బట్టమీద కుట్టు వంకర పోయినచో విప్పి మరల కుట్టవచ్చును. నూలు సర్దుకొని రంధ్రము కొంత పూడిపోవును. తోలునకు ఆ గుణము లేదు. సూది ఒకసారి దిగినచో ఆ రంధ్రము శాశ్వతము. మూలవద్ద ఒక్క కుట్టు ముందునకు పోయినను, అంచునుండి ఒక్క కుట్టు జారినను ఆ ముక్క చెడినట్లే. మఱియు తోలు అన్ని చోట్ల ఒకే మందము కలిగి యుండదు. సంచి ప్రక్క అతుకువద్ద రెండు పొరలు నాలుగగును; పట్టీ కుట్టుచోట అయిదాఱగును. సూది సాఫీగా పోవుచు హఠాత్తుగ ఆ మెట్టు నెక్కవలసి వచ్చును. ఈ రెండు కారణములచేత తోలు కుట్టువానికి కావలసినది వేగము కాదు. మెల్లగా తిరుగుచున్నప్పుడును తగ్గని బలము కావలెను. నేటి మా ప్రసంగ సారమంతయు ఈ ఒక్క మాటలో నున్నది. నిదానమే ప్రధానమని పెద్దలు చెప్పిన మాట ఈ పనికి అక్షరాల వర్తించును.

తోలులోను జాతులు కలవు. దక్షిణ దేశమున పూర్వమునుండి తంగేడు చెక్కతో ఊనిన తోలు గట్టిగాను దిట్టముగాను ఉండును. అందలి మందపు పొరలను పొడుచుటకు సూదికి ఎక్కువ బలము కావలెను. క్రోమియము లవణములతో ఊనిన తోలు మెత్తనిది, సాగునది. వేగముగ కుట్టినచో సూది వేడెక్కి నైలాను, పాలియెస్టరు దారములు కరగి తెగుట కలదు. మదరాసు అడయారులో 1948లో స్థాపింపబడిన కేంద్ర చర్మ పరిశోధన సంస్థను మనవారిలో నెఱుగనివారుండరు. తెనాలి ప్రాంతమున పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు ఆ సంస్థకు డైరెక్టరుగా పనిచేసి, తోలు పనికి శాస్త్రీయమైన గౌరవమును కలిగించినారు. 1985లో కనిష్క విమాన పేలుడులో వారు మనకు దూరమైనారు. తోలు పనిని తక్కువ పనిగ చూచు దేశమున ఒక తెలుగు శాస్త్రజ్ఞుడు దానిని పరిశోధనాలయమునకు తెచ్చెననుట మనము మఱువరాని మాట. ఆ శాస్త్ర దృష్టి తోలు ఊను తొట్టివద్ద ఆగిపోక, కుట్టు బల్లవద్దకును రావలెనని మా కోరిక.

ఇక మోటారుల సంగతి. పాత క్లచ్చి మోటారు స్విచ్చి వేయగనే తిరుగ నారంభించి, స్విచ్చి తీయువఱకు తిరుగుచునే యుండును. మన దేశపు విద్యుత్తు సెకండునకు 50 ఆవర్తములు గలది కావున, నాలుగు ధ్రువముల మోటారు నిమిషమునకు సుమారు 1440 చుట్లును, రెండు ధ్రువములది సుమారు 2880 చుట్లును తిరుగును. పెడలు త్రొక్కినప్పుడు, తిరుగుచున్న చక్రమునకు క్లచ్చి పలక ఒరసికొని బెల్టును లాగును. మెల్లగా కుట్టవలెనన్నచో ఆ ఒరపిడిని సగము పట్టియు పట్టకయు నిలుపవలెను. ఇది పాదమునకు సంబంధించిన విద్య. ఏండ్ల తరబడి కూర్చున్నవారికి అలవడును. క్రొత్తగా కూర్చున్న పిల్లలకు యంత్రము ఎగిరి దూకినట్లు తోచును. షోలాపురమున తరతరములుగ స్థిరపడి మరమగ్గములు నడుపుచున్న మన పద్మశాలి సోదరులకు మోటారు, బెల్టు, పుల్లీల సంగతి క్రొత్త గాదు. కాని మరమగ్గము ఒకే వేగముతో గంటల తరబడి నడువవలెను. దానికి ఒకే వేగము గల మోటారు చాలును. తోలు కుట్టు యంత్రమో, నాలుగు కుట్లు కుట్టి ఆగవలెను, మూల తిరుగవలెను, మరల పది కుట్లు కుట్టవలెను. పని తీరు వేఱు గనుక మోటారును వేఱుగ నుండవలెను.

సర్వో మోటారు అట్లు ఊరక తిరుగదు. లోపలి తిరుగుడు భాగమున శాశ్వత అయస్కాంతములు, చుట్టును తీగచుట్టలు ఉండును. ప్రక్కనున్న నియంత్రణ పెట్టె ఇంటి విద్యుత్తును మార్చి, ఆ చుట్టలకు వరుసగ నందించును. అయస్కాంతము ఏ స్థానమున నున్నదో తెలుపు సెన్సారు లోపల నుండును. సూదికి గట్టి పొర అడ్డు తగిలి వేగము తగ్గినచో, పెట్టె దానిని గ్రహించి విద్యుత్ప్రవాహమును పెంచి వేగమును నిలుపును. పెడలు తేలికగా త్రొక్కిన మెల్లగా, గట్టిగా త్రొక్కిన వేగముగ తిరుగును. కాలు తీసిన ఆగును. మించరాని గరిష్ఠ వేగమును గుండీ త్రిప్పియో, మీటలు నొక్కియో ముందుగనే నిర్ణయింపవచ్చును. నేర్చుకొను పిల్లవానికి ఆ హద్దును తగ్గించి పెట్టుట ఎంత మేలో చెప్పనక్కఱలేదు.

ఇంతవఱకు విన్నవారు సర్వో యనిన ఏదైనను ఒకటియే యనుకొందురు. అంగడిలో మోసపోవునది ఇచ్చటనే. అంగడివారు 550 వాట్లు, 600 వాట్లు, 750 వాట్లు అని అంకెలు చెప్పుదురు. వాట్లు ఎక్కువైనచో బలమెక్కువ యని మనము నమ్ముదుము. కాని వాట్లు సామర్థ్యమును చెప్పునేగాని, సూదిని తోలులోనికి దింపు బలమును చెప్పవు. ఆ పని చేయునది త్రిప్పుబలము. దానినే టార్కు అందురు. లెక్క సులభము. వాట్లను 9.55తో హెచ్చవేసి, చీటీమీది చుట్ల సంఖ్యచే భాగించినచో న్యూటన్ మీటర్లలో త్రిప్పుబలము వచ్చును. ఒక న్యూటన్ మీటరనగా, ఇరుసునుండి ఒక సెంటీమీటరు దూరమున సుమారు 10 కిలోల బరువు వ్రేలాడుచు త్రిప్పినంత బలము.

ఉదాహరణము చూడుడు. ఒక మోటారు 750 వాట్లు, 4500 చుట్లు అని చీటీ కలదు. దాని బలము సుమారు 1.6 న్యూటన్ మీటర్లు. వేఱొకటి 550 వాట్లు, 3000 చుట్లది. దాని బలము 1.75. చిన్నదనుకొన్న రెండవదే తోలునకు బలమైనదని తేలుచున్నది. అదే 750 వాట్లది 3000 చుట్ల దగ్గఱ లెక్క కట్టిన మోటారైనచో 2.4 వచ్చును. కావున వాట్లను మాత్రమే అడుగక, ఏ వేగము దగ్గఱ ఆ వాట్లు లెక్కించిరని అడుగవలెను. టార్కు అంకెయే చీటీమీద నున్నచో మఱింత మంచిది. వాట్లను కొందఱు మోటారు తీసికొను విద్యుత్తుగను, కొందఱు అది ఇచ్చు సామర్థ్యముగను వేయుదురు. అదియు అడిగి తెలిసికొనవలసినదే. గుఱ్ఱపు శక్తిలో చెప్పినచో, ఒక గుఱ్ఱపు శక్తి 746 వాట్లని జ్ఞాపకముంచుకొనుడు.

ఒక సూక్ష్మము కలదు. వేగము తగ్గించినకొలది సర్వో మోటారు బలము పెరుగదు. తీగచుట్టలు భరింపగల ప్రవాహమునకు హద్దున్నది గనుక, 200 చుట్లతో తిరుగునప్పుడును దాని బలము చీటీమీది బలమునకు ఇంచుమించు సమముగ నుండుటయే గొప్ప. హీనమైన మోటారులలో అంతకును తగ్గి, మందపు అతుకు రాగానే సూది సగమున నిలిచిపోవును. అప్పుడు కుట్టువారు చేతిచక్రమును లాగి సాయము చేయవలసి వచ్చును. అట్టి మోటారు పాతదానికన్న ఏ విధమున మేలు?

దీనికి ఉపాయము పుల్లీలలో నున్నది. మోటారు పుల్లీ 50 మిల్లీమీటర్లది, యంత్రపు పుల్లీ 100 మిల్లీమీటర్లది అనుకొందము. మోటారు 200 చుట్లు తిరుగ, యంత్రము 100 కుట్లు కుట్టును. వేగము సగమగును, బలము రెట్టింపగును. అంతమాత్రము చాలనిచో, నడుమ స్పీడు రెడ్యూసరు అను పెద్ద, చిన్న చక్రముల జంటను బిగింతురు. అది మూడింట ఒకటిగ వేగమును తగ్గించునదైనచో, నిమిషమునకు సుమారు 33 కుట్లు పడును. అనగా రెండు సెకండులకు ఒక కుట్టు. బలము మఱి మూడు రెట్లగును. ఒరపిడిలో కొంత పోవును. పై వైపు చూచినచో 3000 చుట్ల మోటారుతో 500 కుట్లు మాత్రమే వచ్చును. మందపు తోలు కుట్టువారికి అది చాలినంత. పలుచని పర్సులను వేగముగ కుట్టువారు మాత్రము రెడ్యూసరు పెట్టుకొనుటచే నష్టపోవుదురు. మోటారు పుల్లీని మఱీ చిన్నది చేసినను మేలు లేదు. బెల్టు దానిని చుట్టుకొను భాగము తగ్గి జారిపోవును.

కావున కొనుటకు ముందు మన పని ఏదో మనకు తెలియవలెను. ఒక మిల్లీమీటరు తోలుతో పర్సులు, పలుచని సంచులు కుట్టువారికి మంచి జాతి 550 వాట్ల మోటారు, చిన్న పుల్లీ చాలును. రెండు మూడు పొరల సంచులు, సీటు కవర్లు కుట్టువారు, సూదియు క్రింది పండ్లును పై పాదమును కలిసి నడచు వాకింగ్ ఫుట్ యంత్రము గలవారు, 3000 చుట్ల దగ్గఱ లెక్కించిన 750 వాట్లది చూచుకొనుట మంచిది. నడుము పట్టీలు, జీనులు, చెప్పుల అట్టలు కుట్టు బరువు యంత్రములవారికి రెడ్యూసరు తప్పదు. ప్రతి యంత్రమునకును మించరాని వేగము దాని పుస్తకమున నుండును. మోటారు హద్దును దానికి లోబడునట్లు పెట్టుకొనవలెను.

అంగడిలో పరీక్ష ఎట్లు చేయవలెను? మోటారును వట్టిగ త్రిప్పి చూపినచో ఒప్పుకొనకుడు. మీరు కుట్టు తోలులో అన్నిటికంటె మందమైన అతుకు గల ముక్కను వెంట తీసికొని పొండు. యంత్రమునకు బిగించిన పిదప, సూది మొనను తోలుమీద ఆనునట్లు నిలిపి, పెడలును మెల్లగా త్రొక్కుడు. ముందు వేగము లేకుండ, ఉన్నచోటినుండి సూది దిగవలెను. ఇదియే నిజమైన పరీక్ష. పరుగులో నున్న యంత్రమునకు చక్రపు ఊపు సాయము చేయును గనుక, ఆ ఊపులో మోటారు బలహీనత కనబడదు. రెండవది, పెడలు త్రొక్కగానే యంత్రము హఠాత్తుగ దూకుచున్నదా, లేక సున్ననుండి క్రమముగ పెరుగుచున్నదా చూడుడు. మూడవది, కాలు తీయగనే ఎన్ని కుట్లలో ఆగునో లెక్కించుడు. నాలుగవది, మూలవద్ద ఒక్కొక్క కుట్టుగ అయిదు కుట్లు వేయుడు. అయిదును మీరు కోరినచోటనే పడినచో ఆ మోటారు మీ పనికి తగినది.

సూదిని పైననో క్రిందనో తనంత ఆపు సౌకర్యము గల మోటారులు కలవు. సూది తోలులో దిగియుండగ ఆగినచో, పాదమునెత్తి ముక్కను త్రిప్పి మూల తిరుగుట సులభము. ఇది తోలు పనికి ఎంతయో ఉపయోగము. అయితే రెడ్యూసరు పెట్టినవారు ఒకటి గమనింపవలెను. మోటారు మూడు నాలుగు సార్లు తిరిగిన సూది ఒకసారి దిగును గనుక, సూది ఎచ్చట నున్నదో మోటారులోని సెన్సారు ఎఱుగదు. అట్టిచోట చేతిచక్రమునకు బిగించు ప్రత్యేక సెన్సారు కావలెను. అది లేని మోటారునకు ఈ సౌకర్యము కొఱకు అధిక ధర ఇచ్చుట వ్యర్థము.

మోటారును నిందించుటకు ముందు సూదిని చూడవలెననియు మనవి చేయుచున్నాము. సూదిమీది అంకె దాని మందమును మిల్లీమీటరులో నూఱవ వంతులుగ చెప్పును. 110 అనిన 1.1 మిల్లీమీటర్లు, 160 అనిన 1.6. దారమునకు తగిన సూది, తోలును కోయు మొన గల సూది, వాడియైన సూది ఉన్నచో మోటారునకు సగము శ్రమ తగ్గును. బెల్టు మఱీ బిగువైనను, నూనె లేకున్నను మంచి మోటారు సహితము మూలుగును.

విద్యుత్తు ఆదా యెంత యని అడుగువారికి లెక్క చూపుదుము. తోలు పనిలో జిగురు పూయుట, మడచుట, అంచులు చెక్కుట మొదలగువానికే ఎక్కువ కాలము పోవును. దినమునకు 8 గంటలు స్విచ్చి వేసియున్నను, సూది కదలునది 2 గంటలే యనుకొందము. క్లచ్చి మోటారు తక్కిన 6 గంటలును ఊరక తిరుగును. అప్పుడది 150 వాట్లు తీసికొనుననుకొన్నచో దినమునకు 0.9 యూనిటు, 25 పనిదినములకు 22.5 యూనిట్లు. మీ మోటారు నిజముగ నెంత తీసికొనునో మీటరు పెట్టి చూచి, మీ రాష్ట్రపు ధరతో హెచ్చవేసికొనుడు. ఆదా కలదు, కాని దాని కొఱకే కొనుట కంటె, చెడిపోవు తోలు తగ్గునని కొనుట యుక్తము.

సర్వో మోటారునకు గల నిశ్శబ్దమును అందఱు మెచ్చుకొందురు. ఇండ్లలో పనిచేయు సోదరీమణులకు, ప్రక్క గదిలో చదువుకొను పిల్లలకు అది నిజముగ హాయి. కాని ఆ నిశ్శబ్దములోనే అపాయమున్నది. క్లచ్చి మోటారు గుంయిమని మ్రోగుచు, తాను మేలుకొనియున్నానని హెచ్చరించుచుండును. సర్వో మోటారు స్విచ్చి వేసియున్నను మాటాడదు. దారమెక్కించునప్పుడు కాలు పెడలుకు తగిలినచో సూది వ్రేలిలో దిగును. బల్ల క్రింద ప్రాకు పసిబిడ్డ చేయి పెడలుమీద పడినను అంతే. కావున సూది మార్చునప్పుడు, దారమెక్కించునప్పుడు, బల్లవద్దనుండి లేచునప్పుడు స్విచ్చి తప్పక తీయవలెను. బెల్టుమీది కప్పును తీసివేయరాదు. ఎర్తు తీగ లేని ప్లగ్గులో పెట్టరాదు. స్విచ్చి తీసిన తరువాతను నియంత్రణ పెట్టెలో కొంతసేపు విద్యుత్తు నిలువయుండును గనుక వెంటనే దానిని విప్పరాదు.

బాగుచేయుటనుగూర్చి ఒక మాట. క్లచ్చి మోటారు కాలిపోయినచో పేటలోని మోటారు వైండింగు పనివాడు చుట్టి ఇయ్యగలడు. సర్వో మోటారులో చాలవఱకు చెడునది పెట్టెలోని పలక. దానిని మార్చవలెనేగాని బాగుచేయువారు అరుదు. అందుచే, ఆ పెట్టె విడిగ దొరకునా, ఎంత ధర, ఎన్ని దినములలో వచ్చును అని కొనుటకు ముందే అడుగుడు. సర్వో మోటారులు చాలవఱకు పాత మోటారు బోల్టు రంధ్రములకే సరిపోవును. పాతదానిని తూకమునకు అమ్మక దాచియుంచినచో, పని నిలిచిన నాడు మరల బిగించుకొనవచ్చును. పాదము బాగుగ కుదిరి, ఒకే రకపు పొడుగు కుట్లు కుట్టుచు, క్లచ్చి మోటారుతో సుఖముగ నున్నవారు దానిని మార్చి తీరవలెనని మేము చెప్పము.

కడపట ఒక విన్నపము. ఈ మోటారులతో వచ్చు కాగితములు ఇంగ్లీషులోనో చీనా భాషలోనో యుండును. అంగడిలో తమిళమో, కన్నడమో, మరాఠీయో, ఒడియాయో మాటలాడుదుము. మన తోలును తమిళులు తోల్ అందురు, కన్నడిగులు తొగలు అందురు. పని చేయువారి మాటలు సోదరులవలె నుండుట మనకు సంతోషమే. కాని ఇంట తాత మనుమనికి, తల్లి కుమార్తెకు పని నేర్పునది తెలుగులోనే. పని నేర్పుటకు చాలని భాష ఇంటిలో ఎక్కువ కాలము నిలువదు. పండుగనాటి పద్యములకే కాక, పుల్లీల లెక్కకును, సూది అంకెకును తెలుగు చాలునని మన పిల్లలు చెవులార వినవలెను. అందుకే ఈ సభలో ఈ విషయమును ఎత్తుకొంటిమి. మీలో ఎవరైనను క్రొత్త మోటారు కొన్నచో, ఏ తోలునకు, ఏ పుల్లీతో, ఎట్లు పనిచేసెనో నాలుగు పంక్తులు మన వారపత్రికకు వ్రాయుడు. ఒకరి యనుభవము పదిమంది అప్పును తప్పింపగలదు.